మే నెలలో తప్పిపోయిన బంతులు

హరిబాబు తయారుచేసిన జాబితాలో ఇరవై అయిదు పేర్లున్నాయి. దేవమణి దాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి మరోసారి చదివింది. ఆమె వెతుకుతున్న పేరు ఎక్కడా లేదు.

"సర్, ఇందులో ఇరవై రెండో నెంబరు లేడు."

"ఏ ఇరవై రెండు?" టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెడుతూ అడిగాడు హరిబాబు.

"మా జట్టు కీపరు సర్. మెరిడెత్."

"ఆడు కొట్టిందేటున్నాది?" కాగితం కోసం చెయ్యి చాపాడతను. "కొట్టినోళ్ళూ, తక్కువ పరుగులిచ్చిన బౌలర్లూ అంతా ఇందులో ఉన్నారు. అంకెలు సూసి దింపేసేను, అరగంట పని. నువ్వు నీటుగా టైపు సేసి బుధవారానికి ఇచ్చీ. నీకు సిరిమాను పండగ లేదు కదా, ఆ రెండ్రోజులూ ఆఫీసులో ఎవరో ఒకరుండాలి."

దేవమణి కాగితం ఇవ్వలేదు.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో ఎరువుల కొట్టు మీద ఉన్న రెండు గదుల ఆఫీసు అది. ఒక గదిలో పదిమంది ఆస్పత్రి బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. రెండో గదిలో ఆరుగురికి బేస్‌బాల్. అమెరికాలో ఆరు చిన్న ఊళ్ళు కలిసి నడుపుకునే లీగు. ఆటగాళ్ళు జీతానికి ఆడేవాళ్ళే గానీ, ఆట లెక్క రాసే మనుషుల్ని అక్కడే పెట్టుకునే స్తోమత ఆ లీగుకి లేదు. మైదానంలో ఒకే ఒక కెమెరా తీసిన వీడియో మర్నాటికి చీపురుపల్లి వచ్చేస్తుంది. ఒక్కో జట్టు ఒక్కొక్కరిది. ఆ జట్టు బంతి వేస్తున్నంతసేపూ పడిన ప్రతి బంతినీ ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసి, ఎలా వచ్చింది, ఎక్కడ పడింది, ఎవరు పట్టారు అని ఒక్కో వరుసగా ఎక్కించాలి. ఆ వరుసలే ఆ లీగులో ఆటగాళ్ళ అంకెలు.

క్రికెట్టు తప్ప ఇంకోటి ఎరగని ఊరు గనక, బంతి విసిరేవాణ్ణి బౌలరనీ, బేటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని పట్టేవాణ్ణి కీపరనీ ఆ గదిలో అందరికీ అలవాటైపోయింది. ఆ రెండు వేల పదిహేను సీజనులో, మే నుంచి సెప్టెంబరు దాకా, దేవమణి తొంభై ఆటలు చూసింది. పన్నెండు వేల పైచిలుకు బంతులు. అన్నేసి సార్లు ఆ ఇరవై రెండో నెంబరు మనిషి మోకాళ్ళు మడిచి కూర్చోడం, లేవడం చూసింది. నేలకి తగిలి ఎగిరొచ్చే బంతికి చెయ్యి కాదు, ఛాతీ అడ్డం పెట్టేవాడు. తగిలిన దెబ్బకి ఒక్క క్షణం తల వంచుకుని, బంతి తుడిచి బౌలరుకి విసిరేవాడు. కొట్టడం మాత్రం నిజంగానే అంతంతమాత్రం.

"కొట్టడమొకటేనా సర్ ఆట?" అంది. "మా జట్టు ఎత్తేస్తన్నారు కదా. ఇంకోటి కూడా. మిగిలిన నాలుగు జట్లూ ఈ జాబితా సూసే మనుషుల్ని ఏరుకుంటాయని మెయిల్లో ఉంది. ఇందులో పేరు లేపోతే ఆడు ఇంటికే."

హరిబాబు ఎచ్చెర్లలో ఎంబీయే చదివినవాడు. ఎదుటిమనిషి పట్టుదల ముఖంలో కనిపించగానే గొంతు తగ్గించి బేరంలోకి దిగడం అతనికి చేతనైన విద్య.

"సరే. అంకెల్లో సూపించు. బుధవారం సాయంత్రం ఆరున్నరకి క్లయింటు ఫోను. ఈలోగా సూపిస్తే పెడతాను. ఒకణ్ణి ఎక్కిస్తే ఒకణ్ణి దింపాలి. ఎవణ్ణి దింపాలో, ఎందుకో అది కూడా నువ్వే సెప్పాలి."

పక్క కుర్చీలో ఉష ఇదంతా వింటూనే ఉంది. భోగాపురం దాటాక సముద్రపొడ్డు పల్లె ఆమెది. రోజూ రెండు ఆటోలు మారి వస్తుంది. హరిబాబు అటు వెళ్ళగానే కుర్చీ చక్రాలు దొర్లించుకుంటూ దగ్గరకొచ్చింది.

"ఒసే మణీ, ఆడేటే నీకు మేనబావా? ఒకటో తారీకున క్వాలిటీ లీడు పేరు సెప్తారు. అందరి తప్పులూ సూసే ఆ పెద్ద పోస్టుకి నీ పేరే అంటన్నారు. ఈ నాల్రోజులూ సర్‌తో గొడవలేల?"

"గొడవ కాదే. సూడమంటన్నాను, అంతే."

"సూడమనడమే గొడవ," అని ఉష మళ్ళీ తన కుర్చీని వెనక్కి దొర్లించుకుంది.

ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుందే గానీ, దేవమణి మనసంతా కీపర్ల మీదే ఉంది. ఎవణ్ణి దింపాలి, ఎలా చూపించాలి. సోమవారం తొమ్మిదింటికల్లా ఆఫీసులో కూర్చుంది. గదిలో ముగ్గురే ఉన్నారు. వాళ్ళు కూడా మధ్యాహ్నం బస్సుకి విజయనగరం వెళ్ళిపోయేవాళ్ళే.

ఆమె ముందు తెల్లకాగితం మీద గీతలు గీసుకుంది. నేలకి కొట్టుకుని వచ్చిన బంతులు ఎన్ని, అందులో కీపరు ఆపినవెన్ని, దాటిపోయినవెన్ని. బంతి కీపరుని దాటిపోతే అవతలి జట్టువాడు ఒక మెట్టు ముందుకి పరిగెడతాడు. ఆగిపోతే ఏమీ జరగదు. ఏమీ జరగని బంతికి అంకె ఉండదు. హరిబాబు జాబితాలో కనిపించనిది ఇదేనని ఆమెకి తోచింది. ఆరు జట్ల కీపర్లవీ వరుసలన్నీ వడగట్టి, ఒక్కొక్కరిదీ విడిగా తీసి లెక్కపెట్టింది. భోజనం డబ్బా మూడింటికి విప్పింది. సాయంత్రానికి అంకె తేలింది. నేలకి తగిలిన ప్రతి వంద బంతుల్లోనూ మిగతా కీపర్లు ఏడో ఎనిమిదో వదిలేస్తే, ఇరవై రెండో నెంబరు వదిలినవి నాలుగు.

ఇది చాలు అనుకుంది మొదట. కానీ హరిబాబు అంకె చూసి 'ఊఁ' అంటాడు, అంతే. కళ్ళకి కట్టాలి. వాళ్ళ జట్టులో అందరికంటే అడ్డదిడ్డంగా వేసిన బౌలరు ఎవడో తీసి, అలాంటివాడికి కీపింగు చేయడం ఎంత కష్టమో వీడియో ముక్కలు వరసగా పేర్చి చూపిస్తే మాట్లాడడానికి ఉండదు. బౌలర్లలో వెతకనక్కర్లేకుండానే పేరు దొరికింది. నలభై ఒకటో నెంబరు, ట్రస్క్. ఆఫీసులో అతన్ని పొడుగోడు అంటారు. కీపరుకి అందకుండా పోయిన చెడు బంతులు, వీళ్ళ భాషలో డబ్ల్యూలు, అతని పేరు మీద పంతొమ్మిది ఉన్నాయి. జట్టులో ఇంకెవరికీ పదికి మించలేదు. హరిబాబు జాబితాలో అతని పేరు కూడా లేదు. ఉండాలని ఎవరూ అనుకోలేదు, దేవమణితో సహా.

మంగళవారం విజయనగరంలో అమ్మవారి సిరిమానోత్సవం. చీపురుపల్లి నుంచి వెళ్ళే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఎరువుల కొట్టు కూడా మూసేశారు. కింద షట్టరు పక్కనున్న మెట్ల తలుపు తాళం తీసి, పైకెళ్ళి, దేవమణి ఒక్కర్తే ఫేను వేసుకుని కూర్చుంది. పొడుగోడి పంతొమ్మిది డబ్ల్యూలనీ వరసగా పెట్టి మొదటిది నొక్కింది.

మే తొమ్మిదో తారీకు ఆట. పొడుగోడు కాలెత్తి, ఒళ్ళంతా ముందుకి వాల్చి విసిరాడు. బంతి బేటువాడి మోకాలెత్తున తిన్నగా వచ్చింది. నేలకి తగల్లేదు. కీపరు గ్లవ్‌లో పడింది, అరచేతి అంచుకి కొట్టుకుని పక్కకి జారిపోయింది. ఇరవై రెండో నెంబరు లేచి వెనక్కి పరిగెత్తాడు.

ఆమె వీడియోని ఆపింది. వెనక్కి జరిపి, నాలుగో వంతు వేగంలో మళ్ళీ చూసింది. బంతి తిన్నగానే వచ్చింది.

పొరపాటున వేరే ముక్క వచ్చిందేమోనని తారీకు చూసింది, వరుస నెంబరు చూసింది. అదే. రెండోది నొక్కింది. అదే ఎత్తు, అదే గ్లవ్, అదే జారడం. ఈసారి దూరంగా ఉన్న బౌలరుని చూసింది. బంతి దాటిపోగానే పొడుగోడు కీపరు వైపు కళ్ళెర్రజేసి చూడలేదు. గ్లవ్ ఉన్న చేత్తో తన గుండె మీద రెండుసార్లు తట్టుకున్నాడు. నాదే, అన్నట్టు.

అది చూడగానే ఆమెకి గుర్తొచ్చింది. మే నెలలో, ఇంకా ఆట సరిగ్గా అర్థంకాని రోజుల్లో, ఈ తట్టుకోడాన్నే ఆమె నమ్ముకునేది. వాడే తనదంటున్నాడు కదా అని నిశ్చింతగా డబ్ల్యూ కొట్టేది.

సొరుగులోంచి రూల్సు కాగితాలు తీసింది. మొదటి పేజీ అంచులు నలిగి మెత్తబడ్డాయి. రెండో పేజీ కొత్తగా ఉంది. అందులో ఉంది: బంతి నేలకి తగిలి వచ్చి తప్పిపోతే డబ్ల్యూ, బౌలరు మీద. మామూలుగా పట్టుకోగలిగిన బంతిని కీపరు వదిలేస్తే పీ, కీపరు మీద. పీ తర్వాత వచ్చిన పరుగులు బౌలరు పేరు మీద పడవు. క్రికెట్టులో వైడుకీ బైస్‌కీ ఉన్నంత తేడా. గల్లీలో ఆడేవాళ్ళకి కూడా తెలిసిన తేడా.

మే మొదటివారం హరిబాబు వాళ్ళకి మూడు రోజుల శిక్షణ ఇచ్చాడు. అతను కూడా ఆ కాగితాలు రైల్లో చదువుకుంటూ వచ్చినవాడే. "బంతి కీపరుని దాటిపోతే డబ్ల్యూ కొట్టీండి, మిగతావి తర్వాత సూసుకుందాం," అన్నాడు. జూన్ ఒకటో తారీకున వచ్చి, "ఈరోజు నుంచి పీ కూడా వాడండి," అన్నాడు. ఆరుగురూ తలలూపారు. వెనక్కెళ్ళి మే నెలని దిద్దాలని ఎవరికీ తోచలేదు.

పంతొమ్మిది ముక్కలూ చూసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పద్నాలుగు మే నెలవే. అందులో మూడు నేలకి కొట్టుకున్న మాట నిజం, అవి బౌలరువే. ఒకటి ఎన్నిసార్లు చూసినా తేలలేదు. బంతి తగిలిన చోట దుమ్ము లేచిందో, గ్లవ్ నీడో తెలియలేదు. దాన్ని బౌలరు మీదే ఉంచేసింది. మిగిలిన పదీ కీపరువి. ప్రతి దాని తర్వాతా ఇరవై రెండో నెంబరు ఎడమచెయ్యి గాల్లో విదిలించుకుంటున్నాడు. ఒక ముక్కలో గ్లవ్ తీసి బొటనవేలు చూసుకుని, ఎవరూ చూడకముందే మళ్ళీ తొడిగేసుకున్నాడు. వేలు వాచిందో, విరిగిందో. జూన్ మధ్యకి విదిలించుకోడం మానేశాడు, బంతులు జారడం కూడా ఆగిపోయింది. మిగతా బౌలర్ల మే నెల డబ్ల్యూలు కూడా తీసి చూసింది, అవన్నీ నేలకి తగిలినవే.

ఆ పది బంతుల వెనక ఏడు పరుగులొచ్చాయి. అవన్నీ పొడుగోడి పేరు మీద పడ్డాయి. ప్రతి వరుస చివరా చిన్న అక్షరాల్లో ఎక్కించినవారి గుర్తు ఉంటుంది. పదింటికీ ఒకటే గుర్తు, ఆమెది.

ఆమె లేచి కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. మళ్ళీ వచ్చి కూర్చుని, నిన్న కష్టపడి తేల్చిన అంకెలున్న కాగితాన్ని ముందు పెట్టుకుంది. కీపరు వదిలిన పది బంతులు ఆ కాగితంలో ఎక్కడా లేవు. ఉండవు, నేలకి తగల్లేదు గనక. కాగితం తప్పు కాదు. కానీ ఆ కాగితం ఒక్కటే ఇస్తే అబద్ధం చెప్పినట్టే. పెన్సిలు తీసుకుని రెండో కాగితం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి తండ్రి కృపానిధి వీధి అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. రైల్వేలో కీమేను, తెల్లారకముందే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం, వదులైన బిగింపుల్ని కొట్టుకుంటూ పోవడం అతని పని. దేవమణి పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పింది. అతనికి ఆట అర్థంకాలేదు గానీ, తప్పు రాయడమంటే అర్థమైంది.

"ఎవులైనా అడిగేరా?"

"లేదు నాన్నా."

"అడక్కపోతే నువ్వు ఏల సెప్పడం? మెమో అంటే ఏటో నీకు తెలీదు. ఒకపాలి కాగితం మీద పేరెక్కితే మరి దిగదు. బూపతోళ్ళ అప్పన్న అలాగే సెప్పుకుని రెండేళ్ళు ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాడు. నువ్వు ఉద్యోగానికి ఎల్లి ఏడాది కాలేదు."

లోపల చింతపండు గింజలు తీస్తున్న తల్లి బేబీ గుమ్మంలోకి వచ్చింది. మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసే మనిషి.

"ఆ పొడుగు పిల్లోడికి తెలుసా?"

"ఏటి?"

"నువ్వు ఆడిమీద రాసినట్టు."

"తెలీదమ్మా. అంకె సూసుకుంటాడు. ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు."

బేబీ మళ్ళీ చింతపండు దగ్గరకెళ్ళింది. కృపానిధి బూట్లు రెండూ గోడకి ఆనించి, "నోరెత్తకు," అని మరోసారి చెప్పి, కాళ్ళు కడుక్కోడానికి లోపలికెళ్ళాడు.

బుధవారం హరిబాబు నుదుట కుంకుమతో, చేతిలో ప్రసాదం పొట్లంతో వచ్చాడు. దేవమణి రెండు కాగితాలూ అతని బల్ల మీద పెట్టింది. మొదటిది చదువుతూ అతని ముఖం విప్పారింది.

"బాగున్నాదిది. క్లయింటుకి ఇలాటివే కావాలి. ఆఖరోణ్ణి దింపేసి, పన్నెండో స్థానంలో పెట్టేస్తాను నీ కీపర్ని." పెన్ను తీసి జాబితాలో రాశాడు కూడా. తర్వాత రెండో కాగితం చూశాడు. పెన్ను మూత మెల్లిగా పెట్టాడు.

"ఇదేటి?"

"మే నెల సర్. పది వరుసలు తప్పుగా కొట్టేను. ఆ పదీ కీపరు మీద పడాలి. బౌలరు పేరు మీదనించి ఏడు పరుగులు తీసీయాలి. తీస్తే పొడుగోడు మీ జాబితాలో తొమ్మిదో వాడవుతాడు. కీపరు పంతొమ్మిదికి దిగుతాడు."

హరిబాబు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"సీజను లెక్కలకి తాళమేసేసేరు దేవమణీ, మరి మార్చడానికి లేదు."

"తియ్యమని అడుగుదుం సర్."

"అడిగితే ఏటవుతాదో తెలుసా? తాళమేసిన వరసలో తప్పు బయటపడితే ఆ మనిషికి ఆర్నెల్లు లీడు ఇవ్వకూడదు. మనం సంతకాలు పెట్టిన కాగితంలోనే ఉన్నాది. నీ పేరు రాసి ఉంచేను నేను." తర్వాత మెత్తగా అన్నాడు. "నువ్వడిగింది నేనిచ్చేను. నీ కీపరు పన్నెండు. మే సంగతి వదిలీ. ఎవులు సూస్తారది?"

దేవమణి కళ్ళు ఆ పన్నెండు అంకె మీదే ఉన్నాయి. శనివారం నుంచి ఆమె కోరుకున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు. ఆ ఛాతీ మీద పడిన దెబ్బలన్నిటికీ ఎక్కడో ఒక చోట ఒక అంకె ఉండాలనుకుంది. అది వచ్చేసింది. చెయ్యి చాపితే చాలు.

"ఆ పన్నెండు నాకొద్దు సర్," అంది.

హరిబాబు విసుగ్గా ఆమె కంప్యూటరు దగ్గరకెళ్ళి ఒక ముక్క నొక్కి చూశాడు. చూసి, తెర మీద వేలు పెట్టాడు. "ఇదిగో, సూడు. బౌలరే తట్టుకుంటన్నాడు, నా తప్పేనని. ఆడే ఒప్పుకుంటే నీకేటి?"

"ఆడు ఒప్పుకున్నాడని రాసీడమే నేను సేసిన తప్పు సర్. బంతిని సూసి రాయాలి కదా మనం."

అతను రెండో కాగితం మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు దేవమణి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకుంది. రెండు కొట్టేసి మళ్ళీ రాసింది. ఉష తొంగిచూసి, "ఏటే అది?" అంటే, కాగితం తిప్పేసింది.

ఆరున్నరకి ఫోను మోగింది. ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. క్లయింటు తరఫున మాట్లాడే ఆవిడ గొంతు చిన్న స్పీకరులోంచి గరగరలాడుతూ వచ్చింది. హరిబాబు జాబితా చదవడం మొదలుపెట్టాడు. పేరు, జట్టు, ఎందుకు. తొమ్మిదో పేరు పొడుగోడు కాదు. పన్నెండో పేరు మెరిడెత్. దేవమణి అంకెలన్నీ అతను చక్కగా విడమరిచి చెప్పాడు. ఆవిడ 'చాలా బాగుంది' అంది. ఇరవై అయిదూ అయిపోయాయి. ఇంకేమైనా చెప్పేదుందా అని ఆవిడ అడిగింది, ఫోను పెట్టెయ్యబోయేముందు ఎవరైనా అడిగే పద్ధతిలో.

దేవమణి కుర్చీ ముందుకి లాక్కుని కాగితం విప్పింది. కాగితాన్ని బల్ల మీద పరిచి, రెండు అరచేతులతోనూ నొక్కిపెట్టింది. తన పేరు చెప్పింది. తాను ఏ జట్టు వరుసలు ఎక్కించిందో చెప్పింది. మే నెలలో పది వరుసలు తప్పుగా ఎక్కించానని, అందువల్ల ఒక బౌలరుకి అన్యాయం జరిగిందని, వరుస నెంబర్లు తన దగ్గరున్నాయని చదివింది. నాలుగో వాక్యంలో మాట తడబడితే మొదట్నుంచీ ఆ వాక్యం మళ్ళీ చదివింది.

అంతా విన్నాక ఆవిడ అడిగింది. డబ్ల్యూకీ, పీ గుర్తుకీ తేడా మీకు ఎవరు నేర్పారు?

దేవమణి కాగితం వైపే చూస్తూ కూర్చుంది. దానికి ఆమె వాక్యం రాసుకోలేదు. రాసుకోవాలని కూడా అనుకోలేదు. ఉష ఆమె మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. చెప్పమనో, చెప్పొద్దనో ఆమెకి తెలియలేదు.

"నేను," అన్నాడు హరిబాబు. అతను జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. మే నెలలో ఆరుగురికీ తానే అలా చెప్పానని, ఒక్క జట్టులోనే కాక అన్నిట్లోనూ ఇలాంటివి ఉండొచ్చని, కాగితాన్ని విప్పి మళ్ళీ మడుస్తూ, నెమ్మదిగా చెప్పాడు.

మర్నాటినుంచి ఆరుగురూ మే నెలని మళ్ళీ చూశారు. ఆఫీసు ఎనిమిదింటికి తెరిచారు. ఎవరి తప్పులు వాళ్ళకే ఎదురొచ్చాయి. మొత్తం నలభై మూడు వరుసలు తేలాయి. ఉషవి తొమ్మిది. రూలు ఆరుగురికీ ఒకటే గనక, బేస్‌బాల్ గదిలో ఒక్కరు కూడా లీడుకి మిగల్లేదు. ఆ ఉద్యోగం పక్క గదిలో ఆస్పత్రి బిల్లులు ఎక్కించే పద్మకుమారికి వెళ్ళింది. ఆవిడ అంతవరకూ ఒక్క బంతి కూడా చూడలేదు.

"నువ్వు ములిగితే ములుగు. నన్నేల ముంచీసేవు?" అంది ఉష. దేవమణి తర్వాత లీడు వరసలో ఉన్నది ఆమే. దేవమణి ఏం చెప్పినా వినకుండా, హెడ్‌ఫోను తగిలించుకుని అటు తిరిగి కూర్చుంది. రెండు రోజులు భోజనం కూడా వేరే కట్టుకుని తింది. దేవమణి గదిలోకి వస్తే మిగిలినవాళ్ళ మాటలు ఆగిపోయేవి. హరిబాబుకి విశాఖపట్నం నుంచి యజమాని ఫోన్లు ఎక్కువయ్యాయి. అతను ఫోను పట్టుకుని మెట్ల మీదికెళ్ళి మాట్లాడి వచ్చేవాడు. వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చునేవాడు.

ఇంట్లో కృపానిధి ఒక్కమాటే అడిగాడు, ఉద్యోగం ఉందా పోయిందా అని. ఉందంది. అతను తలాడించి, తిండి తిని పడుకున్నాడు.

మరుసటి వారం శుక్రవారం లీగు నుంచి మెయిలొచ్చింది. అంకెలు మారిన ప్రతి ఆటగాడికీ ఆ వీడియో ముక్కలు పంపించామని, ఒప్పుకోనివాళ్ళు అయిదు రోజుల్లో రాయవచ్చని, రాకపోతే మార్పులు ఖాయం చేసి ఆ తర్వాతే కొత్త జాబితా ప్రకటిస్తామని.

శనివారం ఇద్దరు కీపర్ల దగ్గర్నుంచి జవాబులొచ్చాయి. ఒకడు మూడు పేజీలు రాశాడు. బౌలరుకి సైగలు అర్థం కావని, వెలుతురు సరిగ్గా లేదని, తన లెక్క వేరే ఉందని. సోమవారం ఇంకొకటి వచ్చింది, ఒక లాయరు పేరుతో. ప్రతి మెయిలు వచ్చినప్పుడూ దేవమణి ముందు పంపినవారి పేరు చూసేది. మెరిడెత్ అని ఉంటుందేమోనని. ఉండాలనే ఆమె మనసులో ఒక మూల కోరిక. వేలు విరిగింది, అయినా ఆడాను, అని అతను ఒక్క ముక్క రాస్తే దాన్ని కూడా జాబితాలో ఆ పేరు పక్కన పెట్టించాలనుకునేది. మంగళవారం ఏమీ రాలేదు.

బుధవారం సాయంత్రం ఆరున్నరకి గడువు. ఆరింటినుంచీ ఆమె వేరే పని పెట్టుకోలేదు. ఆరూ ఇరవై అయిదుకి ఉష హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుంది.

"రాలేదా?"

"లేదు."

"ముగ్గురు కీపర్లు రాసేరు. ఆడు రాయలేదు." ఉష తనలో తాను లెక్కేసుకుంటున్నట్టు ఆగింది. "అంటే ఆడికి తెలుసన్నమాట."

దేవమణి తెర మీదే చూపు నిలిపింది. మే నెలలో ఆ బంతులు జారిపోయినప్పుడు అంకె తన మీద పడలేదని అతను చూసుకునే ఉంటాడు. తన అంకెలు చూసుకోని ఆటగాడుండడు. చూసుకుని, ఏమీ అనకుండా ఊరుకున్నాడు. ఇప్పుడు తన మీద పడుతుంటే కూడా ఏమీ అనకుండా ఊరుకున్నాడు. ఆ రెండు ఊరుకోడాల్లో మొదటిది ఆమెకి నచ్చలేదు. రెండోదాన్ని కాదనలేకపోయింది.

ఆరున్నర దాటి రెండు నిమిషాలకి తాళం తెరుచుకుంది. ఒక్కొక్క వరుసలోకీ వెళ్ళి డబ్ల్యూ తీసి పీ పెట్టింది. మార్చినవారు ఎవరు అని అడిగిన ప్రతిసారీ, గుర్తు వేసే వీలున్నా, పూర్తి పేరు టైపు చేసింది. తొందరపడకుండా, పదిసార్లు. పదోది ఖాయం చెయ్యగానే పక్కనున్న జాబితాలో పేర్లు వాటంతటవే జరిగాయి. ట్రస్క్ తొమ్మిదిలోకి వచ్చి నిలిచాడు. మెరిడెత్ పన్నెండు నుంచి ఒక్కో మెట్టే దిగి పంతొమ్మిదిలో ఆగాడు. హరిబాబు మొదట రాసిన కాగితంలో అతను అసలు లేనేలేడు. ఇరవై అయిదులో పంతొమ్మిది. మే నెల ఉంది అందులో, మిగిలిన నాలుగు నెలలూ ఉన్నాయి. ఎవరు ఏ వైపునుంచి పట్టి లాగినా ఇక కదలదు.

హరిబాబు వెనకనుంచి వచ్చి నిలబడి చూశాడు. "పంపీ," అన్నాడు. ఆమె పంపేసింది.

గదిలో అందరూ సంచులు సర్దుకుంటున్నారు. ఉష మాత్రం లేవలేదు. ఆమె తెర మీద మే ఇరవై మూడో తారీకు బంతి ఒకటి గాల్లో ఆగిపోయి ఉంది.

"ఇది నాకు తేలడం లేదే మణీ," అంది అటే చూస్తూ. "బౌలరు మీదే ఉంచీసేను గానీ, మూడు దినాల్నుంచీ సూస్తన్నాను. నేలకి తగిలినట్టే ఉన్నాది, తగల్నట్టే ఉన్నాది."

దేవమణి సంచిని కుర్చీ వీపుకి తగిలించి, చక్రాలు దొర్లించుకుంటూ ఆమె పక్కకి జరిగింది.

"మొదట్నుంచీ ఎయ్యి," అంది. "మెల్లిగా."